తానీషా మన ఊరి పక్కనే ఉన్నాడు

ఈసారి కొంచెం పొడుగ్గానే రాస్తున్నాం. రాత్రి భోజనాలయ్యాక తీరిగ్గా చదవండి.

ఏటా శ్రీరామనవమికి మన పందిట్లో సీతారాముల కల్యాణం చేసుకుంటాం. తలంబ్రాల వేళకు ఎవరో ఒక పెద్దాయన మైకు అందుకుని భద్రాచలం కథ చెబుతారు. కంచర్ల గోపన్న గుడి కట్టించడం, సర్కారు సొమ్ము వాడాడని గోల్కొండ చెరసాలలో పడటం, రామలక్ష్మణులు రామోజీ లక్ష్మోజీలుగా వచ్చి ఆరు లక్షల మొహరీలు చెల్లించడం, తానీషా కళ్లు తెరుచుకోవడం. అప్పటి నుంచి గోల్కొండ నవాబు పంపిన ముత్యాల తలంబ్రాలే ఇప్పటికీ ప్రభుత్వం పంపుతోందని ముగిస్తారు. అందరం చప్పట్లు కొట్టి పానకం తాగుతాం. ఆ తర్వాత తానీషా ఏమయ్యాడో పిల్లలెవరూ అడగరు, పెద్దలెవరూ చెప్పరు. ఆయన సమాధి మన పందిరికి సుమారు 25 కిలోమీటర్ల దూరంలో, ఖుల్దాబాదులో ఉంది.

ఈ మాట ఇప్పుడెందుకంటే, మొన్నటి కమిటీ మీటింగులో ఒక విషయం తేలకుండా మిగిలిపోయింది. సెలవుల్లో పిల్లలను తీసుకెళ్లే బస్సు దౌలతాబాదు కోట, ఖుల్దాబాదు, ఎల్లోరా, ఘృష్ణేశ్వరం అని ఎప్పటి నుంచో ఒకే దారిలో వెళ్తుంది. ఈసారి ఖుల్దాబాదు వద్దన్నారు కొందరు. 2025 మార్చిలో ఔరంగజేబు సమాధి మీద లేచిన గొడవ, నాగపూరులో జరిగిన అల్లర్లు, సమాధి చుట్టూ పోలీసు కాపలా, అన్నీ అందరికీ గుర్తున్నాయి. "బస్సు ముందు మన సంఘం బ్యానరు ఉంటుంది. ఎవడైనా ఫోటో తీసి ఏదో రాసి పెడితే? మనం ఇక్కడ బయటివాళ్లం, మనకెందుకు" అన్నారు ఒక పెద్దాయన. ఆయన భయం అబద్ధం కాదు. పిల్లల బాధ్యత నెత్తిన ఉన్నవాళ్లు అలాగే ఆలోచిస్తారు. కానీ ఆ 'బయటివాళ్లం' అన్న మాట దగ్గర మాకు ముద్ద దిగలేదు. అందుకే మేము నాలుగు కుటుంబాల వాళ్లం బ్యానరూ గీనరూ లేకుండా రెండు కార్లలో పిల్లల్ని ఎక్కించుకుని పోయిన ఆదివారం వెళ్లొచ్చాం. మళ్లీ మీటింగు పెట్టేలోపు అందరికీ చెప్పాలని ఈ రాత.

ముందు ఊరి సంగతి. మనలో చాలామంది ఖుల్దాబాదును కారు అద్దంలోంచే చూసి ఉంటాం. దౌలతాబాదు దాటి ఘాటు ఎక్కగానే గాలి చల్లబడుతుంది, రోడ్డు పక్కన సీతాఫలాలు, జామకాయలు అమ్మేవాళ్లు కనబడతారు, కోట గోడలాంటి పాత ప్రాకారం, దర్వాజా, అంతలోనే ఊరు అయిపోయి కిందికి దిగితే ఎల్లోరా. ఆ ప్రాకారం ఔరంగజేబు కట్టించింది. ఊరు మాత్రం ఆయనకంటే మూడు వందల ఏళ్లకు పైగా పెద్దది. అప్పట్లో దాన్ని రౌజా అనేవాళ్లు, అంటే తోట. సమాధి ఉన్న తోట అన్నమాట.

ఇక్కడికి మొదట వచ్చిన సూఫీల్లో ముంతజిబుద్దీన్ పేరు చెబుతారు. జర్జరీ జర్ బక్ష్ అంటేనే జనానికి తెలుస్తుంది. ఆయన 1309లో పోయారు. రబీ ఉల్ అవ్వల్ నెలలో జరిగే పెద్ద ఉరుసు ఆయనదే, మన వీధుల్లోంచి ఉరుసుకు వెళ్లే బళ్లు మీరూ చూసే ఉంటారు. తర్వాత ముహమ్మద్ బిన్ తుగ్లక్ 1327లో దౌలతాబాదును రాజధాని చేసి ఢిల్లీ నుంచి ఉద్యోగులను, మౌల్వీలను, కవులను, సూఫీలను తరలించాడు. ఈ తుగ్లక్ కథ బడిలో చదివి నవ్వుకుంటాం. మూటాముల్లె సర్దుకుని వందల మైళ్లు నడిచినవాళ్లకు అది నవ్వులాట కాదు. అలా వచ్చినవాళ్లలో ఒకరు బుర్హానుద్దీన్ గరీబ్. ఢిల్లీ నిజాముద్దీన్ ఔలియా శిష్యుడు, ముంతజిబుద్దీన్‌కు సోదరుడు. వచ్చేనాటికే ముసలితనం. 1337లో ఇక్కడే కన్నుమూశారు. ఆయన పేరు మీదే తపతి ఒడ్డున బుర్హాన్‌పూర్ వెలసింది. ఢిల్లీ కవి అమీర్ హసన్ సిజ్జీ కూడా ఈ ఊళ్లోనే మట్టి అయ్యారు. నిజాముద్దీన్ ఔలియా చెప్పిన మాటలను గ్రంథంగా రాసిపెట్టింది ఆయనే.

గరీబ్ అంటే మనం పేదవాడు అనుకుంటాం. అరబీలో ఆ మాటకు పరదేశి అని అర్థం. తెలిసినవాళ్లు ఈ అర్థం చెప్పినప్పుడు మాలో ఒకరు "అయితే ఈయన మనవాడే" అన్నారు, అందరం నవ్వాం. నవ్వాం గానీ కాసేపు ఎవరూ కదల్లేదు. మన తాతలు కూడా సర్కారు ఉత్తర్వు మీద వచ్చినవాళ్లే కదా. నిజాం కచేరీల్లో గుమాస్తాలుగా, బళ్లలో పంతుళ్లుగా, 1900 ప్రాంతంలో మన్మాడు సికింద్రాబాదు రైలు లైను పడ్డాక స్టేషన్లలో, వర్క్‌షాపుల్లో పనులకు వచ్చారు. అప్పుడు మరాఠ్వాడా హైదరాబాద్ సంస్థానంలోనే ఉంది. వాళ్లకు అది పరాయి దేశం కాదు, ఒక జిల్లా నుంచి ఇంకో జిల్లాకు బదిలీ. 1956లో రాష్ట్రాల గీతలు మారాయి. తాతలు ఇల్లు కదల్లేదు, గీతే కదిలింది. మా ఇళ్లలో నాలుగో తరం పిల్లలు మరాఠీ మీడియంలో చదువుతున్నారు, అవ్వతో తెలుగు, స్నేహితులతో మరాఠీ, సంతలో దక్కనీ మాట్లాడుతున్నారు. ఇంక మనం బయటివాళ్లం ఎట్లా?

సరే, దారి తప్పాం. ఊళ్లోకి వద్దాం.

రోడ్డుకు ఒక పక్క బుర్హానుద్దీన్ గరీబ్ దర్గా, దానికి ఎదురుగా ఆయన శిష్యుడు జైనుద్దీన్ షిరాజీ దర్గా. జైనుద్దీన్ 1369లో పోయారు. ఆ దర్గా ఆవరణలోనే ఒక మూల ఔరంగజేబు సమాధి. పిల్లలు తాజ్‌మహల్ లాంటిదేదో ఉంటుందనుకున్నారు. పైన కప్పు లేదు, మధ్యలో మట్టి, మట్టిలో సబ్జా మొక్క, అంతే. చుట్టూ ఉన్న చలువరాతి జాలీ చాలా తర్వాత, వైస్రాయి కర్జన్ చెప్పిన మీదట నిజాం పెట్టించింది. టోపీలు కుట్టి సంపాదించిన కొద్ది డబ్బుతోనే తన సమాధి కట్టమన్నాడని చెప్పుకుంటారు. 1707 మార్చిలో అహ్మద్‌నగర్‌లో పోతే శవాన్ని ఇక్కడికి తెచ్చారు. పోయాక ఆయనకు ఖుల్ద్ మకాన్ అని బిరుదు, అంటే శాశ్వత లోకమే ఇల్లుగా గలవాడు. ఆ మాట నుంచే రౌజా కాస్తా ఖుల్దాబాద్ అయింది.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. మాకు ఔరంగజేబు మీద ప్రేమేమీ లేదు. 1689లో శంభాజీ మహారాజును చిత్రహింసలు పెట్టి చంపించింది ఆయనే. మన పొరుగింటి మరాఠీ కుటుంబాల కోపానికి కారణం ఉంది, దాన్ని మనం తేలిగ్గా తీసేయకూడదు. తెలుగువాళ్లకూ ఆయనతో పాత లెక్కలున్నాయి. 1685లో హైదరాబాదును దోచింది మొగలుల సైన్యమే. 1687లో ఎనిమిది నెలలు గోల్కొండను ముట్టడించింది ఆయనే. కానీ ఊరంటే ఆ ఒక్క సమాధే అనుకోవడం దగ్గరే మాకు తేడా.

జైనుద్దీన్ దర్గా దగ్గర చెప్పులు వేసుకుంటూ పిల్లల మీద కేకలేస్తుంటే అక్కడి ముజావర్ ఒకాయన పలకరించాడు. తెల్లగడ్డం, చేతిలో నెమలి ఈకల కట్ట.

"హైదరాబాద్ నుంచా?"

"కాదు చాచా, ఇక్కడే. శంభాజీనగర్."

"మరి ఆ మాట?"

"తెలుగు."

ఆయన మమ్మల్ని ఎగాదిగా చూసి, "అయితే మీ రాజును చూడకుండా పోతున్నారా?" అన్నాడు.

రాజూ ఖత్తాల్ దర్గాకు దారి చూపించింది ఆయనే. రాజూ ఖత్తాల్ అంటే గుల్బర్గా ఖ్వాజా బందానవాజ్ గేసూదరాజ్ గారి తండ్రి. తుగ్లక్ కాలంలో ఢిల్లీ నుంచి వచ్చి ఇక్కడే పోయారు. గేసూదరాజ్ చిన్నప్పుడు మళ్లీ ఢిల్లీ వెళ్లిపోయి, 1398లో తైమూరు దండెత్తినప్పుడు ముసలితనంలో దక్కనుకు తిరిగొచ్చి, తండ్రి సమాధి చూసుకుని గుల్బర్గా చేరారు. గుల్బర్గా, బీదర్ వైపు చుట్టాలున్నవాళ్లు ఆ దర్గాకు వెళ్తూనే ఉంటారు. ఈ సంగతి వాళ్లకు చెప్పండి, సంతోషిస్తారు.

ఆ రాజూ ఖత్తాల్ దర్గా దగ్గరే గోల్కొండ చివరి సుల్తాను అబుల్ హసన్ కుతుబ్ షా సమాధి. మన తానీషా. పిల్లలకు చెప్పగానే ఎనిమిదో తరగతి పిల్ల, "తాతా, రామదాసు సినిమాలో తానీషానా?" అంది. "ఆ తానీషానే బిడ్డా." "ఆయన నిజంగా ఉన్నాడా?"

ఆ ప్రశ్న విన్నాక మేము ఎవరం ఏమీ మాట్లాడలేకపోయాం. ఇన్నేళ్లు మైకులో చెప్పిన కథలో తానీషాను రామోజీ లక్ష్మోజీల పక్కన నిలబెట్టేశాం, దాంతో ఆయన కూడా కథలో మనిషే అయిపోయాడు. ఇప్పుడు ఎదురుగా సమాధి. దాని మీద ఆర్భాటం ఏమీ లేదు.

అక్కడే మెట్ల మీద కూర్చుని పిల్లలకు మిగతా కథ చెప్పాం. ఇదీ ఆ కథ. అబుల్ హసన్ రాజు కాకముందు హైదరాబాదులో షా రాజూ అనే సూఫీ గురువు దగ్గర ఏళ్ల తరబడి సేవ చేసుకుంటూ ఉన్నవాడు. ఆ గురువు గేసూదరాజ్ వంశం వాడు. 1672లో గద్దె ఎక్కాడు. అక్కన్న మాదన్నలు మంత్రులు. 1677లో శివాజీ మహారాజు హైదరాబాదు వచ్చి తానీషాను కలిశాడు. మాదన్న మధ్యవర్తిత్వంతో ఒప్పందం కుదిరింది. కర్ణాటక దండయాత్రకు గోల్కొండ డబ్బు, ఫిరంగులు ఇచ్చింది. (ఈ భాగం చెప్పగానే మరాఠీ మీడియం పిల్లలందరూ ఒక్కసారిగా నిటారుగా కూర్చున్నారు. శివాజీ దక్షిణ దిగ్విజయం వాళ్ల పాఠంలో ఉంది, అందులో కుతుబ్‌షా ఉన్నాడు. ఆ కుతుబ్‌షా ఈ తానీషాయే అని వాళ్లకు ఎవరూ చెప్పలేదట.) 1686లో అక్కన్న మాదన్నలను చంపేశారు. 1687 సెప్టెంబరులో లోపలివాళ్లే తలుపు తీయడంతో కోట పడిపోయింది. పట్టుకోవడానికి వచ్చిన మొగలు సర్దారులను కూర్చోబెట్టి, తొందర లేకుండా తన భోజనం ముగించి అప్పుడు లేచాడంటారు.

తర్వాత ఆయన్ను దౌలతాబాదు కోటకు తెచ్చి చీనీ మహల్‌లో పెట్టారు. మనం ఏటా పిల్లల్ని ఆ కోట ఎక్కిస్తాం. చాంద్ మీనార్ దగ్గర గ్రూపు ఫోటో, చీకటి సొరంగంలో గబ్బిలాల కేకలు. చీనీ మహల్ ముందు నుంచే నడిచి వెళ్తాం. దాని గోడల మీద అక్కడక్కడా ఇంకా నీలం పెంకులు అంటుకుని ఉన్నాయి. సుమారు పన్నెండేళ్లు అందులో బందీగా ఉండి 1699 ప్రాంతంలో పోయాడు. రామదాసు గోల్కొండలో పన్నెండేళ్లు చెరలో ఉన్నాడని మన కథ. ఆయన్ను చెరలో పెట్టిన రాజుకూ ఇంచుమించు అన్నేళ్లే పడింది. రామదాసు లెక్క కథలోది, తానీషా లెక్క చరిత్రలోది. రెండూ కలిపి ఎవరికి తోచినట్టు వాళ్లు అనుకోవచ్చు. మా వదినగారైతే "రాముడు వడ్డీతో సహా రాసుకున్నాడు" అనేశారు. పాపం, ఆ మాట మాకు నచ్చలేదు. తానీషా ఓడింది రాముడి చేతిలో కాదు.

హైదరాబాదు వెళ్తే మనవాళ్లు కుతుబ్‌షాహీ సమాధులు చూపిస్తారు. ఆకాశమంత గుమ్మటాలు, ఒక్కో సుల్తానుకు ఒక్కోటి. ఆ వరసలో తానీషా లేడు. ఆయన ఇక్కడ, తన గురువు వంశపు పెద్దాయన పక్కన, మన దగ్గర ఉన్నాడు. హైదరాబాదు చుట్టాలకు మనం చూపించదగింది ఎల్లోరా ఒక్కటే అనుకుంటున్నాం గానీ, వాళ్ల చరిత్రలో తప్పిపోయిన మనిషి మన ఇలాకాలో ఉన్నాడు.

ఇంకా వింత ఏమిటంటే ఆయన్ను ఓడించినవాళ్లూ ఈ ఊళ్లోనే పడుకున్నారు. ఔరంగజేబు, ఆయన కొడుకు ఆజం షా సరే. గోల్కొండ ముట్టడిలో ఫిరంగి గుండు తగిలి పోయిన మొగలు సర్దారు ఖిలిచ్ ఖాన్ మనవడే మొదటి నిజాం, నిజాం ఉల్ ముల్క్ ఆసఫ్ జా. 1748లో బుర్హాన్‌పూర్‌లో పోతే తెచ్చి బుర్హానుద్దీన్ గరీబ్ దర్గాలో పెట్టారు. ఆయన కొడుకు నాసిర్ జంగ్ 1750లో ఎక్కడో తమిళదేశంలో, చెంజి దగ్గర హతుడైతే ఆయన్నూ ఇంత దూరం మోసుకొచ్చి తండ్రి దగ్గర ఉంచారు. అప్పటికి ఆసఫ్‌జాహీల రాజధాని మన ఊరే మరి. 1763లో గానీ హైదరాబాదుకు మారలేదు. ఈ ఊరికి ఖడ్కీ పేరుతో పునాది వేసి, నహర్లు తవ్వించి, బతికినన్నాళ్లూ మొగలులను ముప్పుతిప్పలు పెట్టిన మలిక్ అంబర్ 1626లో పోయాడు. ఆయన సమాధి కూడా ఖుల్దాబాదులోనే, జర్జరీ జర్ బక్ష్ దర్గాకు దగ్గర్లో. ఇథియోపియాలో పుట్టి బానిసగా అమ్ముడుపోయి దక్కనులో రాజ్యం నడిపినవాడు. పిల్లలకు ఔరంగజేబు కంటే ఈయన కథే ఎక్కువ నచ్చింది. నహర్ నీళ్లు పాత మొహల్లాల్లో మొన్నమొన్నటి దాకా వచ్చేవని అవ్వ చెబితే ఇంకా నచ్చింది.

తర్వాత భద్ర మారుతి గుడికి వెళ్లాం. ఇది మనవాళ్లందరికీ తెలిసినదే, చెప్పక్కర్లేదు. శ్రావణ శనివారాలకు, హనుమాన్ జయంతికి రాత్రంతా నడిచి తెల్లారేసరికి పడుకున్న మారుతి ముందు నిలబడినవాళ్లు మన సంఘంలో కనీసం ముప్పై మంది ఉంటారు. అదీ ఖుల్దాబాదే. కాలినడకన వెళ్లేవాళ్లను ఏ బ్యానరూ అడ్డుకోలేదు, ఎవరూ మీరెవరని అడగలేదు. గుడి ముందు టీ తాగుతుంటే ఒక మరాఠీ పెద్దావిడ మా పిల్ల చేతిలోని నోటుపుస్తకం చూసి ఏం రాస్తున్నావని అడిగింది. "శివాజీ మహారాజ్ దోస్తు సమాధి చూశాం ఆజీ, అది రాసుకుంటున్నా" అంది పిల్ల. ఆజీ ఎక్కడ, ఎటువైపు అని దారి అడిగి తెలుసుకుంది.

ఇంక మా మనవి. బస్సు దారిలోంచి ఖుల్దాబాదు తీసేయొద్దు. భయపడేవాళ్ల మాటా మనం వినాలి కాబట్టి, ఔరంగజేబు సమాధి దగ్గర ఆగాలా వద్దా అన్నది ఆ రోజు పరిస్థితిని బట్టి బస్సులోని పెద్దలకు వదిలేద్దాం. రాజూ ఖత్తాల్ దర్గా, మలిక్ అంబర్ సమాధి, భద్ర మారుతి మాత్రం ఖాయంగా ఉండాలి. బ్యానరు కావాలంటే విప్పేద్దాం, మాకు అభ్యంతరం లేదు. వచ్చే శ్రీరామనవమికి కథ చెప్పే పెద్దాయనకు ఇంకో అయిదు నిమిషాలు ఎక్కువ ఇవ్వండి. దౌలతాబాదు దాకా, ఖుల్దాబాదు దాకా చెప్పమనండి. ఆయనకు ఇష్టం లేకపోతే ఆ ఎనిమిదో తరగతి పిల్ల చెబుతుంది, ఇప్పటికే రెండు పేజీలు రాసిపెట్టుకుంది.

సొంతంగా వెళ్లేవాళ్లకు నాలుగు మాటలు. పొద్దున ఏడుకల్లా బయల్దేరితే ఎండ ముదిరేలోపు దౌలతాబాదు కోట దిగొచ్చు. దర్గాల్లో తలమీద రుమాలు గానీ కొంగు గానీ ఉండాలి, పిల్లలకూ ఒకటి పెట్టుకోండి. ఉరుసు రోజుల్లో, శ్రావణ శనివారాల్లో కారుకు చోటు దొరకదు. ఎల్లోరా కూడా చూడాలనుకుంటే మంగళవారం వెళ్లకండి, ఆ రోజు గుహలు మూత. ముజావర్ చాచా జైనుద్దీన్ దర్గా మెట్ల దగ్గరే ఉంటాడు, తెలుగు మాట వినబడితే ఆయనే పిలుస్తాడు.